పిడి మార్చుకునే మనిషి

ఆ గది తలుపు తీసేముందు ఎవరైనా ఓసారి దగ్గాల్సిందే. మ్యూజియం కింది అంతస్తులో, మెట్ల చివర, పాత ఫోటోల గది. లోపల ఒకాయన ఉంటాడట. దగ్గకుండా వెళ్తే ఇటు తిరిగి చూస్తాడట... ఆ మొహం చూసినవాళ్లకి ఇక ఉద్యోగం ఉండదట.

ఇదంతా ఆ మ్యూజియంలో కొత్తగా చేరిన నా మేనకోడలు చెప్పిందే. ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో చీకటి గదిలో, మందునీళ్లలో చేతులు నానబెట్టి బతికినవాణ్ని. దెయ్యాలకి భయపడే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. ఆ పిల్లకి మాత్రం దొరికింది. ఆర్నెల్లు చూసి ఉంచుకుంటామన్న ఉద్యోగం మరి!

ఆ 'ఆయన' ఒక గాజు నెగెటివ్‌లో ఉన్నాడు. జావా మనిషి. మనకి వీపు పెట్టి నిలబడ్డాడు, నడుముకి వెనక కత్తి దోపుకుని. నెగెటివ్ కదా — నల్లజుట్టు తెల్లగా, తెల్లచొక్కా నల్లగా. మొహమే లేదు. గాజుకి పగులు ఉందని, అడుగున దీపం వెలిగే లైటుబల్ల మీంచి ఎవరూ కదపొద్దని పెద్దసారు ఆర్డరు. ఎవరూ కదపలేదనే అందరి నమ్మకం.

పాత ఫోటోల్లో కత్తుల్ని గుర్తుపట్టి వివరాలు రాయడం మా పిల్ల పని. ఒర పైన పడవలాంటి చెక్క చూసి, అది 'క్రిస్' అనే జావా బాకు అని మొదటిరోజే పట్టేసింది. చిక్కంతా పిడితోనే. జావాలో పిడి కుడి మోచేతి వైపు వచ్చేలా దోపుకుంటారని పుస్తకాల్లో ఉంది. ఆ రోజు కుడివైపే ఉంది.

మర్నాడు పొద్దున... ఎడమవైపు ఉంది.

పెద్ద గుమాస్తా దగ్గరికొచ్చి గుసగుసలాడాడట. "నీకు ముందు ఇద్దరమ్మా. ఒకడు కుడి అని రాశాడు, ఒకడు ఎడమ అని రాశాడు. పెద్దసారు చూసేసరికి ఇద్దరిదీ తప్పే. ఇంటికి పంపేశారు. రాత్రిళ్లు ఆయన కత్తి మార్చుకుంటాడు."

రెండేళ్లుగా ఇదే పాట! నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరి పొట్ట కొట్టారు గానీ, ఒక్క రాత్రి కూర్చుని చూసిన మగాడు లేడు.

మా పిల్ల కూర్చుంది. తెల్లారి పదింటికి పెద్దసారు వచ్చి తను రాసిన కాగితం చూస్తాడు. అందరూ వెళ్లాక లైట్లార్పి, బీరువా వెనక స్టూలు మీద...

రాత్రి పది దాటింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

దగ్గు లేదు.

లైటుబల్ల వెలిగింది. గోడ మీద ఒక వంగిన నీడ. గాజు నెమ్మదిగా గాల్లోకి లేచింది... ఆగింది... మళ్లీ బల్ల మీద 'టిక్'మని వాలింది. వంగిన మనిషి ఇటు తిరిగాడు — తెల్లజుట్టు, కింద మొహం —

"ఎవరమ్మా అక్కడ?" అంది ఆ మొహం. "గుండె ఆగినంత పనైంది."

రాత్రిపూట ఊడ్చే ముసలమ్మ. చేతిలో బల్ల తుడిచే గుడ్డ. కదపొద్దన్న ఆర్డరు ఆమెకెవరూ చెప్పనేలేదు.

"రోజూ తీసి, తుడిచి, పెట్టేస్తాను తల్లీ."

"ఏ వైపు పైకి పెడతావు పిన్నీ?"

"ఏ వైపైతే ఏం? ఎటు చూసినా ఆయన వీపేగా."

మా పిల్లకి నవ్వాగలేదు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పినదే — బొమ్మ ఉన్న వైపు మసకగా ఉంటుంది, గాజు వైపు మెరుస్తుంది; మెరిసే వైపు మనవైపు ఉంటేనే కుడి కుడిగా కనబడుతుంది. వేలి చివరతో అంచు తడిమి, పగులు చూసుకుంటూ తిప్పింది. పిడి కుడివైపు! మెరిసే వైపు మూల ఎర్రకాగితం ముక్క అంటించి, ఎప్పుడూ ఇదే పైకి ఉండాలని ముసలమ్మకి చూపించింది. పెద్దసారుకి ముసలమ్మ ఊసెత్తకుండా, గాజు తిరగబడిందని మాత్రం చెప్పింది. ఆయన తనే తిప్పి చూసుకుని, కాగితం మీద సంతకం పెట్టాడు. ఉద్యోగం నిలిచింది. ఆ వారమే వెనకటి ఇద్దరికీ తిరిగి పనిలోకి రమ్మని కబురెళ్లింది. అది కూడా మా పిల్ల పట్టుబట్టి పంపించిందే.

గుమాస్తా మాత్రం ఇప్పటికీ దగ్గే వెళ్తాడు. ఇంకా ఎందుకయ్యా అంటే, "లోపలాయన కత్తి సర్దుకోవద్దూ?" అంటాడు.

మొన్న చూసొద్దామని నేనూ వెళ్లాను. తలుపు మీద చెయ్యి వేశానో లేదో, దగ్గొచ్చింది.

జలుబు చేసిందన్నాను. మా పిల్ల నమ్మలేదు.