భాయి దగ్గరున్న తుపాకి

జగిత్యాలలో ప్రైవేటు డిటెక్టివ్‌కు ఏం గిరాకీ ఉంటుందని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. టవర్ దగ్గర జిరాక్స్ షాపు పైనున్న హరిప్రసాద్ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళలో సగంమంది పెళ్ళికొడుకు గుణగణాల ఆరా కోసం, మిగతా సగం మాయమైన గల్ఫ్ ఏజెంటు ఆచూకీ కోసం వస్తారు. ఆ గురువారం పొద్దున వచ్చిన మనిషి ఈ రెండు రకాలూ కాదని అసిస్టెంటు బుష్రాకు చూడగానే తెలిసిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నా పేరు ఇనాయతుల్లా సార్. గొల్లపల్లిల మోటార్ వైండింగ్ షాపు. ముప్పై ఏండ్ల సంది ఎవ్వరితోని మాట వడలే. ఇప్పుడు నా దగ్గర తుపాకి దాసిపెట్టిన అంటున్నరు."

బుష్రా నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన సంగతంతా చెప్పాడు.

తుపాకి భూమేశ్‌ది. గొల్లపల్లిలోనే మామిడికాయల వ్యాపారం, ఇనాయతుల్లాకు చిన్ననాటి దోస్తు. పదకొండేళ్ళ కింద మార్కెట్ నుంచి వస్తుంటే ఇద్దరు ముసుగులవాళ్ళు దారి కాసి, భూమేశ్ చెయ్యి విరగ్గొట్టి పడేసి పోయారు. చెయ్యి మూడు నెలల్లో అతికింది. భయం అతకలేదు. చీకటి పడితే గడప దాటేవాడు కాదు. ఏడాది తిరిగి తిరిగి రివాల్వర్‌కు లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఊళ్ళో కట్టెతుపాకి పిట్టలదొర అని నవ్వారు. నవ్వినవాళ్ళలో ఏ ఒక్కడి చెయ్యీ విరగలేదు మరి.

"ఎలక్షన్లు వచ్చినయి గద సార్, తుపాకులు ఠాణాల జమ చెయ్యాలె. మంగళారం అది పట్టుకొని బయలెల్లిండు. నడిమిట్ల గుండెనొప్పి వచ్చింది. ఇప్పుడు కరీంనగర్ల ఆపరేషనై పడుకున్నడు, గొంతుల పైపు. తుపాకి నాకిచ్చినని ఫోన్ల చెప్పిండట. నిన్న వాని పెండ్లాం, మా వదినె, షాపు ముందట నలుగుర్ల నిలబడి అడిగింది. రేపు సాయంత్రం లోపల తెచ్చియ్యకుంటే ఠాణాల నా పేరు రాసిస్తదట. నేనైతే వాన్ని వారం సంది సూడనే లేదు, ఖుదా కసమ్!"

"నువ్వు దాసినట్టు ఎవలన్న సూసిన్రా?" అడిగాడు హరిప్రసాద్.

"ఎవరు సూస్తరు సార్? కానీ నా పేరు ఇనాయతుల్లా. ఒక్కసారి తుపాకి పక్కన గా పేరు కాయితం మీద వడ్డదంటే ఇంక పోతదా?"

హరిప్రసాద్ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు.

గొల్లపల్లిలో భూమేశ్ ఇంట్లో ముగ్గురున్నారు. భార్య రజని, కూతురు అఖిల, భూమేశ్ తమ్ముడు జగదీశ్. రజని సిరిసిల్ల నేతవాళ్ళ బిడ్డని దారిలోనే ఇనాయతుల్లా చెప్పాడు. ఆస్పత్రిలో భూమేశ్ దగ్గర జగదీశ్ భార్య ఉంది. ఇనాయతుల్లాను చూడగానే రజని ముఖం తిప్పుకుంది. అన్నేళ్ళ స్నేహం ఒక్క రాత్రిలో వాకిలి బయటికి పోయింది.

"ఫోన్ల ఆయన ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పమ్మా," అన్నాడు హరిప్రసాద్. "నీ మాటల్ల కాదు, ఆయన మాటల్ల."

"తోట కాడ మోటార్ సూద్దామని ఆగిండట సార్. ఆడనే నొప్పి లేసింది. 'రజనీ, పానం మంచిగ లేదు. తుపాకి భాయికాడ పెట్టిన. తేలుంటది, పైలం' అన్నడు. గంతే, ఫోను కింద వడ్డది. పక్క చేను వాళ్ళు అంబులెన్స్ పిలిచిన్రు."

"తేలా?"

"నొప్పికి మతి తప్పి ఏదో అన్నడు. భాయి అంటే మాకు ఈయన ఒక్కడే. నా పెండ్లైన కాన్నుంచి భాయి అనే పిలుస్తున్న. గందుకే నా కడుపు మండుతున్నది."

"ఫోను నువ్వొక్కదానివే విన్నవా?"

"లేదు, స్పీకర్ల ఉండె. బిడ్డ కూడ పక్కనే ఉన్నది."

హరిప్రసాద్ అఖిల వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, కోనరావుపేట దిక్కు ఒక ఆస్పత్రిలో నర్సు. సిరిసిల్లలో అద్దె గదిలో ఉంటుంది, సోమవారం ఇంటికి వచ్చి తండ్రి కోసం సెలవు పొడిగించింది.

"నీకేం వినవడ్డదమ్మా?"

"అమ్మ చెప్పినట్టే సార్," అని అఖిల లోపలికి పోయి చాయ్ తెచ్చింది. కప్పులు ఒక్కొక్కటే ఎడమచేత్తో ఇచ్చింది. కుడిచెయ్యి చున్నీ కింద ఉంది. "ఏమనుకోకుండ్రి. స్కూటీ స్టాండ్ పడ్డది చేతి మీద," అంది. ఇనాయతుల్లాకు ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె తల ఎత్తలేదు.

జగదీశ్‌ది వేరే వరస. అన్నకు పిరికితనమని, తనకైతే తుపాకి అక్కర్లేదని, చెయ్యి చాలని చెప్పాడు. మంగళవారం నుంచీ ఎక్కడెక్కడ తిరిగావని హరిప్రసాద్ అడిగేసరికి ఆ చెయ్యి జేబులోకి పోయింది.

"ఆస్పత్రి, ఇల్లు, గంతే సార్. బాయికాడికి గూడ పోలే. మోటార్ ఫోన్ల నుంచే ఆన్ చేస్తున్న."

చాయ్ కప్పు నోటి దాకా తీసుకుపోయి హరిప్రసాద్ ఆగిపోయాడు. "ఎక్కడికి పోలేదంటివి?"

"బాయికాడికి."

"పా. ఇప్పుడు పోదాం."

మామిడి చెట్ల మధ్య ఒక వ్యవసాయ బావి, పక్కన మోటారు గది. లోపల ఫోనుతో నడిచే కొత్త స్టార్టరు మెరుస్తోంది. బయట గోడకు పాత స్టార్టరు డబ్బా, తుప్పు పట్టి, తలుపు ఒరిగి ఉంది.

"అది ఎవరూ తియ్యరు సార్. తేళ్ళ కొంప," అన్నాడు జగదీశ్.

హరిప్రసాద్ కట్టెతో తలుపు లాగాడు. లోపల ఏమీ లేదు, ఒక చేతి రుమాలు తప్ప. బుష్రా దాన్ని కట్టెతో ఎత్తి వాసన చూసింది. "నూనె సార్. మిషన్ నూనె, తుపాకికి పూసేటిది." డబ్బా కింద నేల మీద ఒక తేలు నలిగి చచ్చి ఉంది. దాని మీద చీమలు ఇంకా పనిలోనే ఉన్నాయి.

"నిన్నటిది," అన్నాడు హరిప్రసాద్, తిరిగి కారెక్కుతూ. బుష్రాకు అప్పటికి సగమే అర్థమైంది. మిగతా సగం ఆయన ముఖంలో ఉంది, కానీ అది సంతోషంగా లేదు.

ఇంటి వసారాలో అందరినీ కూర్చోబెట్టాడు.

"ముందుగాల ఈ పెద్దమనిషి సంగతి. అమ్మా, నువ్వు సిరిసిల్లల మగ్గాల ఇంట్ల పుట్టినవు. ఇన్నేండ్లైనా నీ నోట అది తోటనే. భూమేశ్, జగదీశ్ రైతు బిడ్డలు. వాళ్ళకు తోటైనా పొలమైనా, బావి ఉన్న చోటు బాయికాడనే. మన దిక్కు నోట్ల భాయి అన్నా, బాయి అన్నా ఒక్క తీరే వినవడ్తది. ఆయన తుపాకి మనిషికియ్యలే. బాయికాడ పెట్టిండు. నొప్పితోని ఆస్పత్రికి పోయేటోడు, ఎవరి చేతుల్ల పడుతదో అని పాత డబ్బాల దాసిండు. తేలుంటదని జాగ్రత్త గూడ చెప్పిండు. మతి తప్పలే, మతి ఉన్నది గనుకనే చెప్పిండు."

రజని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇనాయతుల్లా కళ్ళు మూసుకుని లోపలే ఏదో చదువుకున్నాడు.

"మరి తుపాకి ఏది?" అన్నాడు జగదీశ్.

"ఆ మాట విన్నది ఇద్దరు. ఒకరు తప్పు అర్థం చేసుకున్నరు. ఇంకొకరు రైతు బిడ్డ, ఒప్పుగనే అర్థం చేసుకున్నరు. నిన్న పొద్దున బాయికాడికి పోయిన్రు. తొందరల తేలు మాట మర్చిపోయిన్రు. మర్యాద తెలిసిన ఆడపిల్ల పెద్దమనిషికి ఎడమచేత్తో చాయ్ ఇచ్చిందంటే, కుడిచెయ్యి ఎంత నొస్తున్నదో." హరిప్రసాద్ గొంతు తగ్గించాడు. "అఖిలా, నేను నిన్ను దొంగ అంటలేను. ఎవరికి భయపడ్తున్నవమ్మా?"

అఖిల లోపలికి వెళ్ళి, డ్యూటీకి తీసుకుపోయే బ్యాగు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. స్టెతస్కోపు కింద రివాల్వర్ ఉంది. ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది.

"ఆరు నెలల నుంచి ఒకడు నా స్కూటీ ఎనకాలనే వస్తుండు. డ్యూటీ నుంచి గది దాక. ఏమనడు, ముట్టడు. గేటు కాడ బండి ఆపి నిలవడ్తడు. ఇంటి ఓనరుకు చెప్పిన, గది ఖాళీ చెయ్యమన్నడు. ఆస్పత్రిల పెద్దసారుకు చెప్పిన, దారి మార్చుకో అన్నడు. ఉన్నదే ఒక్క దారి. బాపుకు చెప్తే నౌకరి బంద్ చేపిస్తడు." ఆమెకు ఏడుపు ఆగలేదు. "కాల్చుడు నాకు రాదు సార్. బ్యాగుల ఉంటే సాలు అనుకున్న. ఒక్కనాడన్న ఎన్కకు సూడకుంట బండి నడపాలనుకున్న. చాచా పేరు వచ్చినంక చెప్పాలనే ఉండె. నోరు రాలే. చాచా, మీ మీదికి వచ్చేదాక ఊకున్న. తప్పైంది."

రజని బిడ్డను దగ్గరికి తీసుకుంది. ఇనాయతుల్లా లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట. ఆడపిల్ల, కొత్త నౌకరి. ఠాణాల తుపాకి నా దగ్గరనే ఉండెనని చెప్త. దోస్తు ఇచ్చిండు, నేను దాసిపెట్టిన. ముసలోన్ని, నాకేమైతది?"

పొద్దున ఏ మాటకైతే చెమటలు పట్టి మెట్లెక్కాడో, ఆ మాటనే ఇప్పుడు తనంతట తాను ఒప్పుకుంటానంటున్నాడు.

"వద్దు చాచా," అంది అఖిల. "నేనే తీసిన, నేనే చెప్త."

శుక్రవారం ఠాణాలో ఆమె రెండు కాగితాలు రాసిచ్చింది. ఒకటి తుపాకి తానే తీశానని. రెండోది ఆ బండివాడి మీద, నంబరుతో సహా. మొదటి దానికి ఏం చెయ్యాలో పైవాళ్ళు చెప్తారన్నాడు అధికారి. రెండోది రెండుసార్లు చదివి, సిరిసిల్లకు ఫోను కలిపాడు. తల్లి ఒక పక్క, ఇనాయతుల్లా ఒక పక్క బల్ల మీద కూర్చున్నారు.

మధ్యాహ్నం జగిత్యాలకు తిరిగి వస్తూ హరిప్రసాద్ కారులో తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "తండ్రికి పదకొండేండ్ల భయం. బిడ్డకు ఆరు నెలల భయం. ఒకే ఇంటోళ్ళు, అయినా బిడ్డ భయం తండ్రికి తెల్వదు. పక్కనున్న మనిషి భయం కనవడకుంటే ఎట్ల బుష్రా?"

బుష్రా ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, న్యూస్‌పేపరులో కట్టిన చిన్న పొట్లం డ్యాష్‌బోర్డు మీద పెట్టింది. కాగితం మడతల్లోంచి ఎర్రటి కారంపొడి కొద్దిగా రాలింది.

"ఇదేంది?"

"కారం సార్. ఆఫీసు నుంచి ఇంటికి పోయేటప్పుడు చేతుల పట్టుకుంట. నెలకోసారి మార్చాలె, లేకుంటే ఘాటు పోతది."

"ఎప్పటి నుంచి?"

"మీ దగ్గర చేరిన రోజు నుంచి. ఆరేండ్లు."

హరిప్రసాద్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఎడమచేతి చాయ్‌లో తేలుకాటును చూసిన మనిషి ఆ పొట్లం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నాకు ఎందుకు చెప్పలే బుష్రా?"

"మీరు ఎన్నడు అడగలే సార్," అంది బుష్రా.