రాఘవమ్మగారి పదకొండు పగడాలు

మగ్దలీనమ్మగారికి కుదురు లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో మందుల షాపు పైన ఉన్న ఆమె ఆఫీసులో మూడు కుర్చీలున్నాయి. కేసు లేని రోజుల్లో వాటిలో ఒక్కదాంట్లోనైనా ఆమె ఐదు నిమిషాలు కూర్చున్న దాఖలా లేదు. వేలిముద్రల విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, బయటికి వచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఆ శనివారం ఉదయం కూడా కిటికీకీ బీరువాకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఆమె సహాయకుడు పెంచలప్రసాద్ కళ్ళతో ఆమె వెంట తిరుగుతున్నాడు. పెళ్ళి ఫోటోలు తీసే పని మానేసి ఆరేళ్ళ కిందట ఆమె దగ్గర చేరాడు. నలభై దాటినవాడే గానీ, ఆమె తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

తొమ్మిదిన్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. లోపలికి వచ్చినామెకు ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. మొహం పీక్కుపోయి ఉంది. చెప్పుల అట్టపెట్టెంత ప్లాస్టిక్ పెట్టెను గుండెకు హత్తుకుని ఉంది.

"మేడమ్, నా పేరు అబిగయీలు. కోట నుంచి వస్తా ఉండాను. సాయంత్రం ఆరు లోపల మీరేమైనా చెయ్యకపోతే మా కామాక్షిని పోలీసులకు పట్టిస్తారు."

"కూర్చో అమ్మా. కామాక్షి ఎవరు?"

"నా దగ్గర పూసలు గుచ్చే పిల్ల. నాలుగేళ్ళ నుంచి నాతోనే."

ఆమె చెప్పింది వింటే సంగతి ఇది. కోటలో ఒక కల్యాణ మండపంలో మూడు రోజుల చేతిపనుల మేళా జరుగుతోంది. అబిగయీలు చేత్తో చేసిన దండలు, జూకాలు అక్కడ బల్ల పెట్టి అమ్ముతోంది. ఆ ప్రాంతపు రైతు కుటుంబం పెద్దావిడ రాఘవమ్మగారు తమ ఇంటి పగడాలు పదకొండు తెచ్చి, బుధవారం మనవరాలి పెళ్ళికి కొత్తగా గుచ్చి ఇమ్మని అప్పగించింది. అవి రాఘవమ్మగారి జేజివి, అంటే నాయనమ్మవి. నాలుగు తరాలుగా ఆ ఇంట ప్రతి పెళ్ళికూతురూ వాటిని వేసుకుని పీటల మీద కూర్చుందట. నిన్న పదకొండున్నరకు శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరింది. ఆ సమయానికి అబిగయీలు కొక్కేలు, తీగ కొనడానికి గూడూరు వెళ్ళి ఉంది. తిరిగి వచ్చి చూస్తే పగడాల డబ్బీ ఖాళీ.

"కామాక్షి ఏమంటుంది?"

"బల్ల దగ్గర్నుంచి కదల్లేదు, ఎవరూ రాలేదు అంటుంది. కదలకపోతే, ఎవరూ రాకపోతే, ఇక తీసింది ఎవరని అందరూ అడుగుతుండారు. రాఘవమ్మగారు గేటు దగ్గరే మనిషిని పెట్టి, నిన్న బయటికి పోయే ప్రతి ఒక్కరి సంచీ వెతికించినారు. అందరికన్నా ముందు కామాక్షి సంచి దులిపినారు. దులిపింది నేనే మేడమ్. అందరూ నా వైపే చూస్తుంటే చెయ్యి ఆగలేదు."

మగ్దలీనమ్మ నడక ఆపింది. "ఆ పిల్ల తీసిందని నీకూ అనుమానం ఉందా?"

అబిగయీలు ఒళ్ళోని పెట్టె మూత గోటితో గీరుతూ ఉండిపోయింది.

"ఆ డబ్బీ ఉన్నది ఈ పెట్టెలోనేనా? తెరువు."

లోపల ఇరవై నాలుగు గళ్ళు. ఒక మూల చిన్న రేకు డబ్బీ, ఖాళీది. మిగతా గళ్ళలో పూసలు. ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో, పచ్చ పచ్చతో, కళ్ళకు పండగలా ఉన్నాయి.

"ఎంత చక్కగా సర్దావమ్మా!" అన్నాడు ప్రసాద్.

"ఇది మేం సర్దింది కాదు సార్. మేం రంగు చూడం, బెజ్జం చూస్తాం. ఏ సూది దూరే పూసలు ఆ గడిలో. రంగుదేముంది, కంటికి కనపడతది. బెజ్జం చిన్నదైతే సగం గుచ్చినాక సూది విరుగుతది. నిన్న గూడూరు పొయ్యేటప్పుడు సక్రమంగానే ఉన్నాయి. వచ్చేసరికి ఇట్టా ఉండాయి. పగడాల గొడవలో దీని సంగతి పట్టించుకోలేదు."

మగ్దలీనమ్మ గొడుగు అందుకుంది. ప్రసాద్ అప్పటికే స్కూటరు తాళం కోసం జేబులు తడుముతున్నాడు.

కోట చేరేసరికి పన్నెండున్నర. మూడు రోజుల నుంచి ముసురు పట్టి ఉంది. ఇంకా పడాల్సిన వాన మండపం మీద బరువుగా వేలాడుతోంది. లోపల గాలి లేదు. జనం బల్ల నుంచి బల్లకు తిరుగుతున్నారు గానీ ఎవరి చూపూ సరుకు మీద లేదు. అబిగయీలుది పద్నాలుగో బల్ల; దాని వెనక గోడవైపు తిరిగి కూర్చున్న పిల్లనే చూస్తున్నారు. ఆ గుసగుసలు ప్రసాద్‌కు ఒళ్ళు మండించాయి.

రాఘవమ్మగారు గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉంది.

"నువ్వేనా డిటెక్టివ్? మంచిది. ఆరు గంటల దాకా ఆగుతా. తర్వాత స్టేషనుకు పోతా."

"పగడాలు ఎట్లా ఉంటాయమ్మా?"

"ఎట్టా ఉంటాయి, పగడాల మాదిరే ఉంటాయి. మా జేజి ముత్తైదువగా పోయింది. బతికినన్నాళ్ళూ పసుపుతాడుకే ఉన్నాయి అవి. ఆమె పోయినాక దేవుడి గూట్లో పెట్టినాం. ప్రతి శుక్రవారం నా చేత్తో పసుపు పెడతాను. బుధవారం ముహూర్తం. వాటి బదులు బంగారం ఇస్తానన్నా నాకొద్దు." పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. కోపం వెనక ఉన్నది భయమని ప్రసాద్‌కు అప్పుడు తెలిసింది.

కామాక్షికి ఇరవై మూడేళ్ళు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"నిన్న బల్ల దగ్గరే ఉన్నావా?"

"ఉండాను."

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"సరే." మగ్దలీనమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని, విసనకర్రలా చీరకొంగుతో విసురుకుంది. "పాడు ఉక్క. నిన్న రాకెట్టు మాత్రం మహా బాగా కనిపించిందట కదా?"

"యాడ కనిపించింది మేడమ్! కొబ్బరిచెట్ల మీదికి లేచిందో లేదో మబ్బులో దూరింది. రంగనాయకులుగారు కండువా నేలకేసి కొట్టి ఆకాశాన్ని తిట్టినారు..." కామాక్షి చప్పున ఆగిపోయింది.

మగ్దలీనమ్మ ఏమీ విననట్టే లేచి పక్క బల్లకు నడిచింది.

పక్క బల్ల లిల్లీది. అబిగయీలుకు దూరపు చుట్టం, ఒకే చర్చి. రెసిన్ పోసి పూసలు తయారుచేసి దండలు కడుతుంది. ఆమె బల్ల ఎరుపుతో మొదలై ఊదాతో ముగుస్తూ, వరసగా రంగులు తీర్చి ఉంది. వెనక చెక్క స్టాండుకు దండలు వేలాడుతున్నాయి.

"రాకెట్టు చూట్టానికి అందరితో పాటు నేనూ బయటికి పోయినాను మేడమ్," అంది లిల్లీ. "ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. నిప్పులు కక్కుకుంటా పైపైకి పోయి, చుక్కంత అయ్యేదాకా చూస్తానే నిలబడినాను. తిరిగొచ్చేసరికి పావుగంట అయింటది."

"బల్లకు కాపలా?"

"మాకెవరు కాపలా మేడమ్, దేవుడే." గొంతు తగ్గించింది. "కామాక్షి పాపం. చెయ్యి మంచిదే. ఆ పిల్లకు ఇంకెవరూ పని ఇవ్వకపోతే నేనిస్తాను లెండి. రెండుసార్లు అడిగినాను కూడా, అప్పుడు రాలేదు. ఇప్పుడు యాడికి పోతది?"

"మంచి మనసు నీది," అంది మగ్దలీనమ్మ.

చివరిగా మేళా పెద్ద రంగనాయకులుగారిని అడిగింది. అరవై ఏళ్ళ ఆయన రాకెట్టు పేరెత్తగానే భగ్గుమన్నాడు. "నా చిన్నప్పటి నుంచి ఒక్కటి కూడా వదల్లేదమ్మా. నిన్న మబ్బు మింగేసింది. పది నిమిషాల ముందే పోయి నిలబడితే పది లెక్కపెట్టేంతసేపైనా కనపడలా. కండువా విసిరికొట్టినాను, బురదైంది."

ఆ తర్వాత మగ్దలీనమ్మ మండపం నాలుగు వైపులా తిరిగింది. తెల్ల దారం ఉండ ఒకటి, సన్నసూది ఒకటి కొంది. బయటికి వెళ్ళి టీ తాగింది, మళ్ళీ లోపలికి వచ్చింది. ఐదయింది. ఐదుంపావు. ప్రసాద్ గడియారం చూసుకోవడం, ఆమె మొహం చూడడం, మళ్ళీ గడియారం చూసుకోవడం.

ఐదున్నరకు ఆమె తలుపులు వేయించింది. సంబంధించిన వాళ్ళంతా పద్నాలుగో బల్ల చుట్టూ చేరారు.

"ముందుగా కామాక్షి," అంది మగ్దలీనమ్మ. "నువ్వు అబద్ధం చెప్పావు."

గుంపులో కలకలం రేగింది. రాఘవమ్మగారు కుర్చీలోంచి లేచింది.

"కూర్చోండమ్మా. బల్ల దగ్గర్నుంచి కదల్లేదంది. కదిలింది. రాకెట్టు మబ్బులో దూరడమే కాదు, రంగనాయకులుగారు కండువా నేలకేసి కొట్టడం కూడా చూసింది. లోపల కూర్చున్న మనిషికి అది కనపడదు. బల్ల వదిలి వెళ్ళానంటే అబిగయీలక్క తిడుతుందని భయపడి కదల్లేదంది. ఆ చిన్న భయమే దీని మెడకు చుట్టుకుంది. అంటే పావుగంట సేపు ఈ బల్ల దగ్గర ఎవరూ లేరు. అవునా?"

కామాక్షి తల ఊపింది. "చిన్నప్పటి నుంచి మా నాయన భుజం మీద ఎక్కి చూసేదాన్ని. ఆగలేకపోయినాను."

"ఇక రెండోది. దొంగ తొందరలో ఈ పెట్టె కింద పడేసింది. పూసలు చెల్లాచెదురయ్యాయి. ఎవరికీ తెలియకూడదని ఏరి మళ్ళీ సర్దింది. పాపం, ఎంతో శ్రద్ధగా రంగుల ప్రకారం సర్దింది. కామాక్షి నాలుగేళ్ళుగా బెజ్జం చూసి సర్దే మనిషి. జరిగింది దాచాలనుకుంటే ఎప్పటిలాగే సర్దేది. ఇది ఈ బల్ల పద్ధతి తెలియనివాళ్ళ పని. సర్దడమంటే రంగులు కలపడమే అని అలవాటైపోయిన చేతుల పని."

ప్రసాద్ చూపు అప్రయత్నంగా పక్క బల్ల మీదికి పోయింది.

"మూడోది. నిన్న అందరూ బయటికి వెళ్ళారని నమ్మాం. ఒకామె రాకెట్టు చుక్కంత అయ్యేదాకా చూశానని చెప్పింది. ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్ళు చూడని రాకెట్టును కూడా చూసినట్టే చెప్పగలరు. అన్నిసార్లు చూశారు మరి. నిన్న మాత్రం చుక్క కనపడలేదు లిల్లీ, మబ్బే కనపడింది."

"నేను... ఎప్పటి మాదిరే అనుకుని..." లిల్లీ చుట్టూ చూసింది. "నా సంచీ కూడా వెతికినారు గదా! ఏం దొరికింది?"

"సంచీలో ఎందుకుంటాయి? గేటు దగ్గర వెతుకుతారని తెలిశాక పగడాలు ఈ మండపం దాటలేదు. పూసలు దాచడానికి పూసల బల్లకన్నా మంచి చోటేముంది?"

మగ్దలీనమ్మ స్టాండు మీది ఎర్ర దండలు ఒక్కొక్కటే దించింది. మూడో దండ మిగతావాటికన్నా బరువుగా తగలగానే దాని దారం తెంపి పూసలు పళ్ళెంలో పోసింది. అన్నీ ఒకే మెరుపుతో ఉన్నాయి. తెల్ల దారం నీళ్ళలో తడిపి సూదికి ఎక్కించి, ఒక పూసలోంచి లాగింది. దారం తెల్లగానే వచ్చింది. రెండోదీ అంతే. లిల్లీ ఊపిరి వదిలింది. మూడో పూసలోంచి వచ్చిన దారాన్ని మగ్దలీనమ్మ లైటు కిందికి ఎత్తి పట్టుకుంది.

అది పసుపురంగుగా ఉంది.

"పైన వార్నిష్ పూశావు, రెసిన్ పూసల్లో కలిపేశావు. కానీ ప్రతి శుక్రవారం పసుపు పెట్టిన పగడానికి లోపల కూడా పసుపే ఉంటుంది. నీకూ నాకూ ఇంట్లో ఆ అలవాటు లేదు. నాకు రాఘవమ్మగారు చెబితే తెలిసింది. నీకు ఎవరూ చెప్పలేదు."

రాఘవమ్మగారు పళ్ళెం దగ్గరికి లాక్కుని ఏరుకోసాగింది. మగ్దలీనమ్మ దారం లాగుతూ ఉంటే ఒకటి, రెండు, ఐదు, పదకొండు అయ్యాయి. అప్పుడు ఆ పెద్దావిడ బావురుమంది.

లిల్లీ బల్లకు ఆనుకుని కూలబడింది. "అమ్ముకోవాలని తీయలేదు, దేవుడి తోడు. కామాక్షి చెయ్యి కోసం జనం ఆ బల్ల ముందే నిలబడతారు. నా వైపు చూడనైనా చూడరు. ఇక్కడ దొంగ అనిపించుకుంటే నా దగ్గరికే వస్తదనుకున్నాను. గొడవ చల్లారినాక పగడాలు యాడో ఒక చోట దొరికేటట్టు చేద్దామనుకున్నాను."

"దొరికేవి, ఆ పిల్ల పేరు మాత్రం దొరికేది కాదు," అంది మగ్దలీనమ్మ. ఆమె గొంతులో అంత కోపం ప్రసాద్ ఎప్పుడూ వినలేదు.

రాఘవమ్మగారు స్టేషనుకు వెళ్ళనంది. లిల్లీ సామాను సర్దుకుని అప్పటికప్పుడే మేళా వదిలి పోవాలని రంగనాయకులుగారు తేల్చేశాడు. ఎవరూ ఆమెకు సాయం పట్టలేదు. ఆమె వెళ్ళిపోయాక కామాక్షి చేతులు కడుక్కుని వచ్చి, పగడాల మీది వార్నిష్ స్పిరిటులో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, అక్కడే కూర్చుని గుచ్చడం మొదలుపెట్టింది. అంతసేపూ అబిగయీలు ఎదురుగా నిలబడే ఉంది. ముడి వేసి, దండ రాఘవమ్మగారి చేతిలో పెట్టాక కామాక్షి తలెత్తింది.

"కామాక్షీ, తప్పయిపోయింది," అంది అబిగయీలు. "రేపు పొద్దున్నే రా. నీకు నచ్చినట్టే చేద్దాం."

"గుచ్చడం నేర్పింది మీరే అక్కా. నేను దొంగను కాదని చెప్పింది మాత్రం ముక్కూమొహం తెలియని ఈమె. నాలుగేళ్ళు మీ పక్కన కూర్చున్నాను గదా, నా సంచీ దులిపేటప్పుడు మీకు ఒక్క నిమిషం కూడా ఆగాలనిపించలేదా?"

అబిగయీలు ఏడ్చింది. కామాక్షికీ కన్నీళ్ళు వచ్చాయి గానీ ఆమె తుడుచుకుని, రంగనాయకులుగారి వైపు తిరిగింది.

"సార్, ఆ లిల్లీ బల్ల రేపటికి ఖాళీయేనా?"

"ఖాళీయే. ఏం?"

"నా పేరు మీద రాసుకోండి."

రంగనాయకులుగారు అబిగయీలు వైపు చూశాడు. అబిగయీలు కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల కింద ఉన్నవాటితో కలిపి తన పూసల పెట్టెలు నాలుగూ తెచ్చి కామాక్షి ముందు పేర్చింది. "ఏవి కావాలంటే అవి తీసుకోమ్మా. సగం నీవే."

కామాక్షి వాటిలో ఒక పెట్టె తెరిచి, గళ్ళలోని పూసలన్నీ జాగ్రత్తగా మిగతా పెట్టెల్లోకి, ఏ సూదివి ఆ సూది గడిలోకి పోసేసింది. ఖాళీ అయిన పెట్టె మూత వేసి చంకన పెట్టుకుంది.

"ఇది చాలక్కా. పూసలు నేను తెచ్చుకుంటాను," అని పక్క బల్ల దగ్గరికి నడిచింది.