కుక్కల కోసం వచ్చినవాడు

"మీ కుక్క ఏ జాతి?" అని అడిగింది ఫినోలా.

ఆ కుర్రాడు తాడు చివరనున్న కుక్కను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "టెర్రియర్."

"ఏ టెర్రియర్?"

"గోధుమరంగు టెర్రియర్."

అది 1959, సెయింట్ పాట్రిక్ పండగ. పొద్దున చర్చిలో ప్రార్థన, కోటుకి ఐర్లండ్ గుర్తుగా షామ్‌రాక్ ఆకు, ఆ తర్వాత బుద్ధిగా ఇంట్లో కూర్చోవడం. పవిత్రమైన రోజని చట్టం పబ్బులన్నిటికీ తాళం వేయించేది. డబ్లిన్‌లో ఆ రోజు మందు గ్లాసు దొరుకుతుందని ఊరందరికీ తెలిసిన చోటు ఒక్కటే, కుక్కల ప్రదర్శనలోని బారు. అందుకే జన్మలో కుక్కను ముట్టనివాళ్లకి కూడా ఆ పూట కుక్కలమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. ఫినోలా నాన్న టియర్నీగారు సైతం తమ టెర్రియర్‌ని కూతురికి అప్పగించి ఎప్పుడో మాయమయ్యారు.

"పేరేంటి?"

"మలాకీ."

"మీది కాదు, కుక్కది."

"దానిదీ మలాకీనే."

ఫినోలాకి నవ్వొచ్చింది. నవ్వితే లోకువైపోతానని పెదవి కొరుక్కుంది. అతని కళ్లు బాగున్నాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. పైగా బీరు వాసన.

"నిజం చెప్పండి. ఇక్కడికెందుకొచ్చారు?"

"పోయినేడు తాగడానికే వచ్చాను. బహుమతి రాలేదని మీరు మీ కుక్క మెడ పట్టుకుని ఏడుస్తుంటే చూశాను. ఈ ఏడు మీకోసం వచ్చాను. ఈ కుక్క మా పక్కింటామెది."

"బారుకెళ్లే దారిలో నేను తగిలానన్నమాట."

"ఒక్క గ్లాసే తాగాను. ధైర్యం కోసం."

"ఈ మాట ఇక్కడ ఎంతమందికి చెప్పారు?"

"ఆ ధైర్యం ఒక్కరికే సరిపోయింది."

మాటలు నేర్చినవాడు. ఇలాంటివాణ్ని అసలు నమ్మకూడదు అనుకుంది.

"రేపు పబ్బులన్నీ తెరుస్తారు. గ్లాసు ఏ సందులోనైనా దొరుకుతుంది. సాయంత్రం కేపెల్ స్ట్రీట్‌లో నేను పనిచేసే గ్లవ్స్ షాపుకి రండి. దేనికోసం వచ్చారో అప్పుడు తెలుస్తుంది."

మర్నాడు సాయంత్రం వాన పట్టుకుంది. షాపు మూసేవేళకి మలాకీ వచ్చాడు, గొడుగు లేకుండా, కుక్క లేకుండా. షాపు వైపు చూశాడు. చూసి, ఎదురుగా ఉన్న పబ్బులోకి వెళ్లిపోయాడు.

ఫినోలా షాపు అద్దంలోంచి అంతా చూసింది. 'ముందే అనుకున్నాను' అని తనకు తనే చెప్పుకుంది. అయినా కళ్లు చెమ్మగిల్లాయి. కోటు తొడుక్కుని, షాపు తాళం వేసి, తల వంచుకుని నడిచింది.

"అమ్మాయ్!"

పబ్బు గుమ్మంలో నాన్న. పక్కన మలాకీ.

"నిన్ను సినిమాకి తీసుకెళ్లొచ్చా అని నన్నడగడానికి వచ్చాడు," అన్నారు టియర్నీగారు. "వెళ్లమన్నాను. గ్లాసు ఇప్పిస్తానంటే వద్దన్నాడమ్మా. వింత మనిషి."

"పబ్బు కిటికీలోంచి మీ నాన్నగారు కనిపించారు, పోయినేడు ప్రదర్శనలో మీ పక్కన చూశానుగా," అన్నాడు మలాకీ. "ముందు ఆయన్ని అడగడం మర్యాదనిపించింది."

"నాన్నా, తాగుడు విషయంలో మీ సాక్ష్యం చెల్లదు." ఫినోలా మలాకీ వైపు తిరిగింది. "ఊదు."

"ఏంటి?"

"ఊదమన్నాను."

ఊదాడు. ఆమె మునివేళ్లమీద లేచి అతని మొహం దగ్గరికి మొహం చేర్చింది. వాన, తడిసిన ఉన్ని కోటు. ఇంకే వాసనా లేదు. వెనక్కి జరగాలన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. టియర్నీగారు దగ్గి, వీధి చివరికేసి చూడసాగారు.

"ఇంకోసారి," అంది ఫినోలా. "సరిగ్గా తెలియలేదు."