రెండో ఆదివారం కెమెరా

గోవిందు ఫోటో స్టూడియోలో అద్దాల బల్ల మీద రెండు పాత కెమెరాలు పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకటి పెళ్లికొడుకులా తళతళ మెరుస్తోంది. రెండోది ఆ పెళ్లికొడుకు సూట్‌కేసు మోసే మేనమామలా గీతలు పడి, రంగు పోయి ఉంది.

వాటి ముందు నిలబడి ఏడో తరగతి రేఖ గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తోంది. గడ్డమంటే మీసాలకు తోడుండే గడ్డం కాదు పిల్లలూ, నోటి కింద ఉండే గడ్డం!

శనివారం మధ్యాహ్నం మూడైంది. వనపర్తి బజారు ఎండకు మాడుతోంది. రేఖతో పాటు స్నేహితురాలు సింధూజ, సైన్సు చెప్పే సౌందర్య మేడం వచ్చారు. ముగ్గురిదీ ఊరి చివర ఉన్న బాలికల గురుకులం. అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే నిద్ర. సెల్‌ఫోన్ మాత్రం కుదరదు. పిల్లల చేతిలో ఫోన్ కనిపించిందా, ప్రిన్సిపాల్ మేడం కళ్లే ఫ్లాష్ కొడతాయి! ఇంటివాళ్లు వచ్చి పిల్లలను చూసుకునేది నెలలో ఒక్కరోజే, రెండో ఆదివారం.

ఆ రెండో ఆదివారం రేపే.

జిల్లా ఖోఖో పోటీల్లో మూడో డార్మిటరీ పిల్లలే బడి జట్టుగా ఆడి గెలిచారు. ఐదు వేల రూపాయల బహుమతి వచ్చింది. దాంతో ఏం కొనాలని మూడు రోజులు కొట్లాడుకున్నారు. చివరికి ముప్పై ఆరుమందీ ఒకే మాట అన్నారు: కెమెరా! ఇంటివాళ్లతో ఫోటో దిగాలి. కడిగించి పెట్టె మూత లోపల అంటించుకోవాలి. పొద్దున పెట్టె తెరవగానే ఇంటివాళ్లు కనపడాలి.

రేఖ పెట్టె మూతకు ఇప్పటికే ఒక అమ్మ ఉంది. ఆధార్ కార్డు జిరాక్సులోంచి కత్తిరించిన అమ్మ. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ జమ్ములమ్మ ముఖం నల్లమబ్బులా అయిపోయింది. అందులో ముక్కెక్కడో, నవ్వెక్కడో రేఖకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా ఆ ఆధార్ ముక్కే రేఖకు ఆధారం.

జమ్ములమ్మ పుణెలో బిల్డింగుల పనికి పోయింది. వాళ్ల ఊరు వీపనగండ్ల నుంచి కూలీల గుంపు మేస్త్రి తీసుకుపోయిన ఇరవైమందిలో ఆమె ఒకతె. పోయి ఏడాదైంది. మొన్న వార్డెన్ ఫోన్లో మాట్లాడినప్పుడు, "మేస్త్రి సెలవిస్తే ఆదివారం వస్త బిడ్డ" అంది. అందులో మేస్త్రిని, సెలవును రేఖ అక్కడే వదిలేసింది. 'వస్త బిడ్డ' ఒక్కటే పట్టుకుని హాస్టలంతా తిరిగింది.

"ఏంది బిడ్డ, కెమెరాకు పెళ్లిచూపులా? ఎంతసేపు చూస్తవ్?" అన్నాడు గోవిందు. మెరిసే కెమెరాను రేఖ చేతిలో పెట్టాడు. "గిది జూమ్ కెమెరా. గీ మీట నొక్కు. ఝుమ్మని పోతది!"

రేఖ నొక్కింది. ముక్కు పొడవు చేసుకుని కెమెరా ముందుకు సాగింది. రోడ్డుకు అటుపక్క అరటిపండ్లు బేరమాడుతున్న ఒకామె అమాంతం తెరలోకి వచ్చేసింది. ఆమె ముక్కుపుడక కూడా కనిపించింది.

"చూసినవా? దూరం ఉన్నోళ్లను దగ్గరికి తెస్తది" అన్నాడు గోవిందు.

రేఖ మీట మీంచి వేలు తీయలేదు. పుణె నుంచి కూడా తెస్తదా అని అడగబోయి మింగేసింది.

"మనకు జూమ్ ఎందుకే?" అంది సింధూజ. "అందరం గేటు కాడ వేపచెట్టు కిందనే నిలబడతం. మధ్యన నాలుగడుగులు గూడ ఉండవు. గీ గీతల కెమెరా సాలు. పెన్సిల్ సెల్లులతోని నడుస్తది. కిరాణం దుకాణంల గూడ దొరుకుతయి."

సెల్లు వద్దన్న బడికి సెల్లులతో నడిచే కెమెరా! కానీ రేఖకు నవ్వు రాలేదు.

"ఇంకో మాట గూడ ముందే చెప్తున్న," అన్నాడు గోవిందు. "జూమ్ దాని బ్యాటరీ పాతది. ఊకె జూము జూమని ఆడితే దాని దమ్ము పోతది."

"బడ్జెట్టు ఐదు వేలే రేఖా," అంది మేడం. "కెమెరా, ఫోటోలు కడిగించుడు, అన్నీ అందులనే. నువ్వు కెప్టెన్‌వు. ముప్పై ఆరుమంది తరఫున ఆలోచించు."

బడి జట్టు తెచ్చిన బడ్జెట్టు మరి! గీతల కెమెరా రెండు వేల నాలుగు వందలు. జూమ్ కెమెరా నాలుగు వేల ఎనిమిది వందలు.

రేఖ ముప్పై ఆరుమంది గురించి ఆలోచించాలనే అనుకుంది. కానీ తలలో ఒక్కరికే చోటు మిగిలింది.

"జూమ్‌దే" అంది.

చేతిలో రెండు వందలు మిగిలాయి. మిగతావి గోవిందు గల్లాపెట్టెలో గోవిందా!

సాయంత్రం డార్మిటరీలో కెమెరా చుట్టూ ఈగలు ముసిరినట్టు పిల్లలు ముసిరారు. ఐదో తరగతి మనీషా మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం.

"రేఖక్కా, రేపు మా తాత వస్తడు. అచ్చంపేట అవతల నుంచి. మా తాతకు ఇంతవరకు మంచి ఫోటోనే లేదు."

"ఫస్టు ఫోటో మీ తాతదే పో!" అంది రేఖ.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే రేఖ కెమెరా పట్టుకుని డాబా ఎక్కింది. అక్కడి నుంచి బస్టాండు వైపు రోడ్డు కనిపిస్తుంది. ఒక్కసారి చూసి దిగుదామనుకుంది.

ఝుమ్! ఆటో దగ్గరికొచ్చింది. ఆకుపచ్చ చీర. అమ్మ కాదు.

ఝుమ్! ఇంకో ఆటో. ముగ్గురు దిగారు. ఒక్కరూ అమ్మ కాదు.

ఝుమ్! నెత్తిన మూట పెట్టుకుని ఎవరో నడిచి వస్తున్నారు. కుడికాలు కాస్త ఈడుస్తూ, అచ్చం జమ్ములమ్మ నడక! ఆమె నడిచినంత దూరం రేఖ కెమెరాను కూడా నడిపించింది. ఇంకో నాలుగు ఇళ్లు. ఇంకో రెండు ఇళ్లు. ఆమె సందు మలుపులో తిరిగి, మూట దించి, తలుపు తీసుకుని లోపలికి పోయింది. అది ఆమె ఇల్లే.

రేఖ కళ్లు తుడుచుకుని మళ్లీ మీట నొక్కింది. మళ్లీ. మళ్లీ.

"రేఖా! కిందికి రావే! అందరు నిలబడ్డరు!" కింద నుంచి సింధూజ అరుపు.

"ఒక్క నిమిషం!"

ఆ ఒక్క నిమిషం చూయింగ్ గమ్ములా సాగింది. పదకొండు దాటాక కెమెరా తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది. రెండుసార్లు కన్నుగీటి ఆరిపోయింది. తెర కూడా జిరాక్సులా నల్లబడింది.

రేఖ కిందికి దిగేసరికి వేపచెట్టు కింద మనీషా, ఆమె తాత బక్కయ్య నిలబడి ఉన్నారు. పేరుకు బక్కయ్యే కానీ మనిషి తలుపంత ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు. కదిలితే క్రాపు చెదురుతుందేమోనని మెడ తిప్పకుండా నిలబడ్డాడు.

"అయిందా బిడ్డ? ఏడ సూడాలె నేను?" అన్నాడు.

"బ్యాటరీ అయిపోయింది తాత."

ఆఫీసు గదిలో ఛార్జింగ్ పెట్టారు. పాత బ్యాటరీ కదా, నీళ్లు తాగే ముసలి ఎద్దులా మెల్లగా తాగుతోంది. బక్కయ్య పన్నెండున్నర దాకా చూశాడు. ఒంటిగంటకు ఆయన బస్సు. ఆ బస్సు తప్పితే మేకలు పొద్దుగూకినా దొడ్డికి రావు.

"ఏమైతది తియ్యి బిడ్డ. నా ముఖం యాడికి పోతది? నాతోనే ఉంటది గద!" అని మనుమరాలి తల నిమిరి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఏడు ఫోటోలు పడ్డాయి. ఏడంటే ఏడే. వరుసలో నిలబడ్డ మిగతావాళ్లు ఊరికే ఇళ్లకు పోయారు. జమ్ములమ్మ కూడా రాలేదు. మేస్త్రి సెలవియ్యలేదని వార్డెన్ వచ్చి చెప్పింది.

"బ్యాటరీ గట్ల ఎట్ల అయిపోయిందే? రాత్రంత ఛార్జింగ్ పెట్టినం గద!" అని సింధూజ నిలదీసింది.

"పాతది గద..." అంది రేఖ. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"ఊకో సింధూజక్కా, రేఖక్క ఏం జేస్తది?" అంది మనీషా. తర్వాత మెల్లగా, ఎవరితోనో అన్నట్టు అంది: "మా తాత ఎన్నడు తలకు నూనె పెట్టడు. ఫోటో అని పెట్టిండు."

మనీషా తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది రేఖకు.

సోమవారం పొద్దున అందరూ ఉప్మా కోసం పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. రేఖ వరుస వదిలి ముందుకొచ్చింది.

"బ్యాటరీ నేనే అయిపోగొట్టిన," అంది. "డాబా మీద నుంచి మూడు గంటలు రోడ్డు సూసిన. మా అమ్మ వస్తదని. కొన్నది గూడ అందుకే. జూమ్ మనకెవ్వరికి అక్కెర లేకుండె. నాకే ఉండె."

ఎవరి పళ్లెంలోనో చెంచా చప్పుడైంది.

"ముందుగాల చెప్తే ఏమైతుండె?" అంది సింధూజ కోపంగా. "నేను గూడ డాబా ఎక్కి నీతోని సూస్తుంటి. ఉత్త కళ్లతోని!"

కొందరు నవ్వారు. రేఖ నవ్వలేదు. "మార్చుకొస్త. మేడంను అడిగిన," అంది.

ఆ శనివారం గోవిందు తల పట్టుకున్నాడు. "అమ్మినయన్నీ మళ్ల తీసుకుంటే నా దుకాణమే గోవిందా గద బిడ్డ!"

"వాపసిచ్చే పైసలల్ల రెండు వందలు పట్టుకోండ్రి సార్," అంది రేఖ. అప్పుడు గీతల కెమెరాను చేతిలోకి తీసుకుంది. ఈసారి గడ్డం గోక్కోలేదు. ప్రశ్నలు అడిగింది. "రెండు సెల్లులకు ఎన్ని ఫోటోలు వస్తయి? మెమరీ కార్డు దీంట్లనే ఉందా? చెట్టు నీడల ముఖాలు మంచిగ పడతయా? ఒక్క ఫోటో కడిగిస్తే ఎంత?"

గోవిందు అన్నిటికీ జవాబు చెప్పాడు. దుకాణం ముందున్న చెట్టు నీడలో సింధూజ ముఖాన్ని రెండుసార్లు తీసి చూపించాడు. రెండింట్లోనూ సింధూజ కోపం స్పష్టంగా పడింది.

"మంచిగ పడుతున్నయి," అంది రేఖ. "గిది ఇయ్యండ్రి."

మళ్లీ నెల తిరిగింది. మళ్లీ రెండో ఆదివారం. తొమ్మిదింటికే రేఖ వేపచెట్టు కింద నిలబడింది. జేబులో నాలుగు సెల్లులు. చేతిలో ముప్పై ఆరు పేర్ల కాగితం. ఇంటికి ఒక్కటే ఫోటో అని అందరూ కలిసి అనుకున్నారు. అలా అయితేనే కడిగించే డబ్బు వచ్చే నెలలకూ సరిపోతుంది. కాగితంలో మొదటి పేరు మనీషాది. చివరి పేరు రేఖది. ఆ వరుస రాసింది రేఖే.

బక్కయ్య ఈసారి కూడా నూనె పెట్టుకునే వచ్చాడు. "తాతా, ఊపిరి తీసుకో!" అంటే తప్ప తీసుకోలేదు. క్లిక్!

పొద్దంతా రోడ్డు వైపు చూడకూడదనుకుంది రేఖ. ఆటో చప్పుడైనప్పుడల్లా మెడ దానంతటదే తిరిగింది. తిరిగిన మెడను తనే మళ్లీ కెమెరా వైపు తిప్పుకుంది.

నాలుగున్నర దాటింది. ఐదింటికి గేటు మూస్తారు. వరుసలో ఇంకా ఆరు కుటుంబాలున్నాయి.

అప్పుడు గేటు దగ్గర ఒకామె ఆగింది. చేతిలో గుడ్డసంచి. మనిషి సన్నబడింది. చెంపల మీద ఎండ నల్లగా పేరుకుంది. కుడికాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసింది.

"అమ్మా!"

జమ్ములమ్మ దగ్గరికి వచ్చింది. వరుసను చూసింది. వరుసలో నిలబడ్డ ముసలివాళ్లను, చంకన పిల్లలను చూసింది.

"నీ పని కానియ్యి బిడ్డ. గీడనే ఉంట," అని చెట్టు మొదట్లో కూర్చుంది.

రేఖ కాళ్లు అమ్మ దగ్గరికి ఉరుకుతానన్నాయి. చేతులు మాత్రం కెమెరాను వదల్లేదు. ఒకటో కుటుంబం. రెండో కుటుంబం. మూడో ఫోటోలో చిన్నపాప కళ్లు మూసుకుంటే, నవ్వించి తెరిపించే దాకా ఆగింది. అమ్మ ఎంత దగ్గరుందో వీపుకు తెలుస్తోంది. నాలుగు. ఐదు. ఆరు.

అప్పుడు కెమెరాను మనీషా చేతిలో పెట్టి పరుగెత్తింది.

జమ్ములమ్మ రేఖను పక్కన నిలబెట్టుకుంది. సిమెంటుకు పగిలిన చేత్తో కూతురి జడ సర్దింది.

"పెద్దమ్మా, గిటు సూడు!" అంది మనీషా.

జమ్ములమ్మ చూడలేదు.

"పెద్దమ్మా! రేఖక్కను గాదు, కెమెరాను సూడు!"

"ఏడాదాయె దీన్ని సూడక. జర సూడనియ్యి బిడ్డ."

క్లిక్!

ముగ్గురూ తెర మీదికి వంగారు. రేఖ ఎదురుగా చూస్తోంది. జమ్ములమ్మ మాత్రం పక్కకు తిరిగి ఉంది. సగం ముఖమే పడింది.

"అయ్యో! ఇంకోటి తియ్యనా అక్కా? సెల్లుల ఇంకా దమ్ముంది!"

రేఖ ఒక్క క్షణం తెరను చూసింది.

"వద్దు మనీషా. ఇంటికి ఒక్కటే గద."

కెమెరా ఆపి మనీషాకే ఇచ్చింది. గేటు మూయడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. రేఖ వేపచెట్టు మొదట్లో అమ్మకు ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. రెప్ప కూడా వేయకుండా చూడడం మొదలుపెట్టింది.