కొలత తియ్యి వదినా

గురువారం మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మి, కుట్టుకొట్టు మసకబారింది. ఇంటి ముందుగదే ఆ కొట్టు. దాన్ని నడిపే ఆమె ఇంటా బయటా అందరికీ వదినే.

పొద్దున వెళ్తూ కూతురు చెప్పింది. "అమ్మా, ఈసారి పాత ఆదితో కుట్టకు. చంక దగ్గర ఏదో ఒరుసుకుంటోంది. కొలత తియ్యి."

"ఒళ్లు చేశావులే. చంక కాస్త వదులు చేస్తా," అని నవ్వేసి, పాత జాకెట్టునే ఆదిగా పరుచుకుంది వదిన. టేపు కొక్కేనికే ఉంది.

రెండేళ్ల కిందట ఆడపడుచు కూడా ఇలాగే అడిగింది. "వదినా, చంకలో గట్టిగా తగులుతోంది. కొలత తీస్తూ ఓసారి చూడవూ?"

"ఆది ఉండగా కొలతెందుకే? నీ నడుమెంతో ఊరంతా చాటాలా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. గుడ్డ కింద దారపు ముడిని కూడా పసిగట్టే వేళ్లు వదినవి. అందుకే ముట్టుకోలేదు. ఒకసారి తెలిశాక తెలియనట్టు ఉండటం కుదరదు కదా. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పోయింది. రోజూ దేవుడికి అన్నీ చెప్పుకునే వదిన, ఆ ఒక్కటీ దాటేసేది.

కరెంటు పోయింది.

ముందు మందుల వాసన వచ్చింది... ఆసుపత్రిలో ఆడపడుచు మంచం దగ్గరి వాసన. గాలి లేకుండానే మూలనున్న తెర కదిలింది. జాకెట్లు తొడిగి చూసుకునే చాటు అది. తెర కింద రెండు పాదాలు. పాలిపోయి ఉన్నాయి.

"వదినా..."

కత్తెర జారిపడింది.

"కొలత తియ్యి..."

"ఆది... ఆది ఉందిగా తల్లీ..."

"నాకు కాదు, వదినా."

కరెంటు వచ్చింది. తెర వెనక ఎవరూ లేరు.

సాయంత్రం కూతురు రాగానే వదిన టేపు అందుకుంది. చెయ్యి లేవలేదు. "పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దాం," అని మాత్రం అనగలిగింది. ఆ రాత్రి కూతురు పడుకున్న గది వైపు వెళ్లనే లేదు. వంటింట్లో గోడకానుకుని, తెల్లవార్లూ దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది.

తెల్లారాక కొట్టు తెరవకుండానే, భర్తతో సహా ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ కూతుర్ని పరీక్ష చేసి తలెత్తింది.

"చిన్న గడ్డే. తొందరగా తెచ్చారు, మంచిపని చేశారు. కానీ దీని చుట్టూ సుద్దతో ఎవరు గీశారు?"

"అమ్మే," అంది కూతురు. "రాత్రి నిద్రలో ఉండగా వచ్చి కొలత తీసింది. అబ్బ, చేతులెంత చల్లగా ఉన్నాయో!"

వదిన తన చేతుల వంక చూసుకుంది. గోళ్ల సందున తెల్లగా... సుద్ద.