నంబర్ వన్ పాటలో రుచిత తిట్టు

"చెప్పిన గదా, ఫోన్ లోపల పెట్టు!"

పోయిన మార్చిలో ఆర్మూర్‌లో రుచిత నన్ను తిట్టిన తిట్టు అది. అమ్మ పసుపు కొనుక్కురమ్మంటే రుచిత వాళ్ల పసుపు కల్లానికి వెళ్లాను. అక్కడ పసుపు కొమ్ములకు పాలిష్ పెట్టే డ్రమ్ము గడగడ తిరుగుతోంది. దరువు అదిరింది! అడగకుండా ఫోన్‌లో రికార్డ్ చేశాను.

సినిమా పాటలకు మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేయడం నా పని. ఆ దరువు 'పోరి మాట ఫైనల్' సినిమా టైటిల్ సాంగ్‌లో చేరింది. దాంతో పాటు తిట్టూ చేరింది. మూడు వారాలుగా ఆ పాట చార్టుల్లో నంబర్ వన్. ఏ పెళ్లి బరాత్‌లో చూసినా జనం ఆమె తిట్టుకే చిందులేస్తున్నారు.

ఆ గొంతు తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. రోజుకు వందసార్లు విని ప్రేమలో కూడా పడ్డాను. రెండు తప్పులూ ఒప్పుకుందామని నిన్న మళ్లీ కల్లానికి వెళ్లాను.

నన్ను చూడగానే రుచిత నడుం మీద చెయ్యి పెట్టింది.

"వచ్చినవా! ఆర్మూర్ల యాడికి పోయినా నేనే తిడుతున్న. వహీద్ చాచా చాయ్ హోటల్ల గూడ నేనే!"

"తప్పయింది. వద్దంటే రేపే తీపిచ్చేస్త. నంబర్ వన్ పోతే పోనీ."

"నిజంగనా?"

"గొంతు నీది. నీ మాటనే ఫైనల్."

ఇంతలో అక్కడే ఉన్న వాళ్ల నాన్న రాజమల్లు జేబులో ఫోన్ మోగింది. రింగ్‌టోన్ కూడా అదే: "చెప్పిన గదా, ఫోన్ లోపల పెట్టు!"

నేను గబుక్కున ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన మాత్రం మురిసిపోయాడు.

"మా బిడ్డ గొంతు! నలుగురు ఇనాలెనని జర ఆగి ఎత్తుత," అంటూ ఫోన్ పట్టుకుని గేటు వైపు వెళ్లాడు.

"తీసుడు గీసుడు వద్దు," అంది రుచిత. "పాట కింద సాయిప్రసాద్ అని నీ పేరున్నది. మరి నాదేది?"

"పెద్దగ పెట్టిస్త. ఇంకోటి... నువ్వంటే నాకు పానం."

రుచిత నవ్వు దాచుకోలేదు. "గాడ నంబర్ వన్ గావచ్చు. గీడ నా మనసుల ఇంక టాప్ టెన్ల గూడ లేవు!"

నా మొహం వాడిపోయింది. అది చూసి ఆమె వెళ్లి తిరుగుతున్న డ్రమ్ము ఆపింది. కల్లమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఫోన్ తియ్యి. గీసారి అడుగు."

"రికార్డ్ చెయ్యనా?"

"చెయ్యి."

ఫోన్ దగ్గరికి వంగి, "నాకు గూడ నువ్వు మస్తు నచ్చినవ్," అంది. వెంటనే వేలు చూపించి బెదిరించింది.

"గిది గిట్ల ఏ పాటలనన్న ఇనవడ్డదో, గా డ్రమ్ముల ఏసి తిప్పుత!"