ఉప్పెన మింగిన చర్చికి తలుపు

సినిమా సెట్లు వేసే బెన్‌హర్ చెయ్యి పడితే ప్లైవుడ్డు కూడా రాయిలా కనిపిస్తుందని ఫిల్మ్‌నగర్‌లో పేరు. తొంభైల మొదట్లో పాత చర్చి సెట్ కావాలనేసరికి, నాయనమ్మ చెప్పిన చర్చినే తెచ్చి గుట్టమీద నిలబెట్టాడు. మూడొందల ఏళ్ళ కిందట, పడవల్లో వచ్చిన పాదిరీలు నాయనమ్మవాళ్ళ ఊరి సముద్రపొడ్డున కట్టిన చర్చి అది. సాయంత్రం ప్రార్థనలో జనం ఉండగానే ఉప్పెన వచ్చి ఊరితో సహా మింగేసింది. మిగిలింది నాయనమ్మ మాటలే.

గుడైనా చర్చైనా, సెట్ వేసేవాళ్ళు ఏదో ఒక తప్పు కావాలనే వదిలేస్తారు. లేకపోతే అది నిజంది అయిపోతుందని భయం. మనవాడికి పొగరు కదా! తలుపు మీది చేప బొమ్మతో సహా ఏదీ వదల్లేదు.

పాట షూటింగ్ ముగిసి సాయంత్రం ప్యాకప్ అయింది. పాటలో వేషం వేసిన కూతురు కరుణ ఆటగా ఆ తలుపు తోసుకుని లోపలికి పోయింది. లోపలేముందని? ఉన్నది ముందు గోడొక్కటే. వెనక వెదురు బొంగులు, బండరాళ్ళు. బెన్‌హర్ నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళాడు.

పిల్ల లేదు.

బండలన్నీ వెతికాడు. గొంతు పోయేలా అరిచాడు. "కరుణా! ఆటలు చాలమ్మా..."

గోడలోంచి సన్నగా పాట. ఉప్పునీటి వాసన. పైన థర్మోకోల్ గంట... మోగింది.

సెట్ విప్పడానికొచ్చిన లక్ష్మయ్య గడ్డపార ఎత్తాడు. బెన్‌హర్ అతని కాళ్ళమీద పడ్డాడు. "వద్దు లక్ష్మయ్యా! నా బిడ్డ లోపలుంది!"

"గీడ లోపలేడున్నది అన్నా? ఫికర్ చెయ్యకు, ఇంటికి పోయుంటది. పొద్దుగాల ఇంకో సెట్ లేపాలె."

గోడ కూలింది. పాట ఆగిపోయింది. పిచ్చివాడిలా ఏడుస్తూ, ద్వారబంధంతో సహా ఆ తలుపొక్కటే మోసుకొచ్చి కృష్ణానగర్ గదిలో గోడకి ఆనించాడు. పిల్ల ఇంటికి రాలేదు. భార్య తెరెసా కుప్పకూలిపోయింది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకి తలుపు చప్పుడైంది.

"నాన్నా... తియ్యి."

తెరెసా పరుగున పోయి పిడి పట్టుకుంది. "ఆగవే!" అంటూ బెన్‌హర్ ఆమె చెయ్యి పట్టేశాడు. చిన్న చెయ్యి తడుతున్న చోటికి పైన ఇంకో చెయ్యి చప్పుడు. పక్కన ఇంకోటి. తలుపంతా చేతులే... కింది సందులోంచి ఇసుకనీళ్ళు గదిలోకి పాకుతున్నాయి.

"నాన్నా... చలేస్తోంది."

బెన్‌హర్ తెరెసా చెయ్యి వదిలేశాడు.

పొద్దున్నే గది అద్దెకిచ్చిన ఇంటావిడ అమ్మాజీ వచ్చి చూస్తే గదిలో ఎవరూ లేరు. నేలంతా ఇసుక. తలుపు గోడకే ఆని ఉంది. లాగితే రాలేదు. గోడవైపు నుంచి గడియ పడి ఉంది.

సెట్ తలుపుకి వెనక గడియ ఉండదు.